మిగిలిన అరటిపళ్ళు

మిగలముగ్గిన అరటిపండు తొక్క తీయడానికి గోరు కూడా అక్కర్లేదు, ముచ్చిక పట్టుకుని కొంచెం వంచితే చాలు, దానంతటదే జారిపోతుంది, లోపలి పండు తేనెరంగుకు తిరిగి, అక్కడక్కడా నీరు కారుతూ, వేలు పెడితే వేలి గుర్తు ఉండిపోయేంత మెత్తగా ఉంటుంది, ఇంకొక్క రోజు ఆగితే చెత్తబుట్టకే, ఒక్క రోజు ముందైతే కేకుకు పనికిరాదు, ఆ నడిమి ఘడియను పట్టుకోవడంలో తనంతటి మనిషి ఈ మేడ మొత్తం మీద లేదని ఆమెకు లోలోపల కాస్త గర్వం. ఉంటే తప్పేముంది? ఆమె పనే అలాంటిది. బట్టల దుకాణం వెనక గదిలో మిషను ముందు కూర్చుని, కొనుక్కున్నవాళ్ళ ఒంటికి కుదరని బట్టల్ని కుదిర్చి పంపిస్తుంది, పొడుగైతే మడుస్తుంది, వదులైతే లోపలికి పడుతుంది, బిగుతైతే కుట్లు విప్పుతుంది, కత్తిరించిన పీలికలు కూడా పారేయడానికి ఆమెకు చెయ్యి రాదు, ఇంట్లో దిండ్లన్నీ పీలికలతో కూరినవే, ఊడిన గుండీలకు ఒక డబ్బా, పాత జిప్పులకు ఒక డబ్బా, దుకాణంలో అందరూ అతుకులక్క అని పిలుస్తారు, పిలవనీ, పోయేదేముంది. అలాంటి మనిషి ఇంట్లో అరటిపళ్ళు మేకుకు వేలాడుతూ నల్లబడిపోతుంటే చూస్తూ ఊరుకుంటుందా? గిన్నెలో వేసి ఫోర్కుతో చిదిమింది, మళ్ళీ చిదిమింది, ఆ చప్పుడు కూడా మెత్తగానే ఉంది, ఎవరో నోరు తెరవకుండా నములుతున్నట్టు. చిన్న ఈగలు, ఎక్కడినుంచి వస్తాయో, కిటికీ మూసినా వస్తాయి, గిన్నె అంచు చుట్టూ తిరుగుతున్నాయి, ఎడమచేత్తో తోలింది, పోయినట్టే పోయి వచ్చాయి. ఈ వాసన కూడా అంతే, ముక్కుకు తగిలిన మొదటి క్షణం బాగుంటుంది, తర్వాత మరీ తీపి, పువ్వులు ఎక్కువై తలుపులు మూసిన గదిలో వచ్చే వాసన, ఏ గది, ఎప్పుడు చూసిన గది, వద్దులే, సెలవుపూట మధ్యాహ్నం, బయట ఎండ బాగా కాస్తోంది, ఇప్పుడా గదితో పనేముంది అనుకుని ఆమె మైదా జల్లించడం మొదలుపెట్టింది.

మైదా, సోడా, చిటికెడు ఉప్పు, కరిగించిన వెన్న, గుడ్డు, పంచదార కొంచెం తక్కువే, పండులోనే బోలెడంత తీపి ఉంది కదా. వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు ఫోన్లో చూపించి నేర్పిన విద్య ఇది, రెండు మెత్తటి గుండ్రటి కేకుబిళ్ళలు, మధ్యలో వెన్నా పంచదార పొడీ గిలక్కొట్టిన క్రీము, కూతురు దానికేదో పేరు చెప్పింది కానీ ఆమెకు నోరు తిరగలేదు, జోడీలు అని తనే పేరు పెట్టుకుంది, ఇప్పుడు కూతురు కూడా అదే అంటోంది. ట్రే మీద కాగితం పరిచి చెంచాతో పిండిని బిళ్ళలు బిళ్ళలుగా వేసుకుంటూ వెళ్ళింది, ఎడంగా వెయ్యాలి, వేడికి పరుచుకుంటాయి, ఒకే కొలతలో వెయ్యాలి, లేకపోతే జత కుదరదు, చొక్కా చేతులు రెండూ ఒకదానిమీదొకటి పెట్టి సరిచూసుకున్నట్టు చూసుకోవాలి. ట్రేను లోపలికి తోసి, ఓవెన్ మూసి, మీట తిప్పింది, అది కిటకిటమని మొదలుపెట్టింది, అద్దం వెనక పసుప్పచ్చని దీపం వెలిగింది. ఆయన వచ్చేలోపు రెండు ట్రేలు అయిపోతే చాలు. చెప్పు తెగింది, కుట్టించుకొస్తానని వెళ్ళాడు ఆయన. సిటీ బస్సు డ్రైవరు, డిపోలో అందరూ నిదానం అంటారు, బండి నడపడమూ నిదానమే, మాటా నిదానమే, ఇక తిండి సంగతి చెప్పనే అక్కర్లేదు, పెళ్ళైన కొత్తలో అందరూ తిని లేచి చేతులు కడుక్కున్నా ఆయన ఒక్కడే కూర్చుని నములుతుంటే, మీ ఆయన ముద్ద ముద్దకీ ముహూర్తం చూసుకుంటాడా అని ఆమె పిన్ని నవ్వేది. నవ్వి నవ్వి అది అందరికీ అలవాటైపోయింది, ఆయన ఎంతసేపు తిన్నా, తినకుండా ఎంతసేపు కూర్చున్నా ఎవరూ తలెత్తి చూడరు. రేపు ఈ జోడీలన్నీ డబ్బాలో సర్దుకుని డిపోకు పట్టుకెళ్తాడు, సాయంత్రానికి ఆ డబ్బా ఖాళీ చేసి, శుభ్రంగా కడిగి మరీ తెచ్చి ఆమె చేతికిస్తాడు.

నిజానికి మునుపు ఈ ఇంట్లో అరటిపండు మిగలడమనేదే లేదు. పొద్దున లేవగానే ఆయనకు ఒకటి పడాలి, అది పడితే కానీ బండి స్టార్టు కాదని ఆయన మాట, డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఇంకొకటి, కూతురు ఉన్నప్పుడైతే ఆఖరి పండు కోసం తండ్రీకూతుళ్ళు వాదించుకునేవాళ్ళు, మేకుకు ఎండిన తొడిమ ఒక్కటే వేలాడుతుండేది, అప్పుడు ఆయన మళ్ళీ వెళ్ళి ఇంకో డజను తెచ్చేవాడు. అరటిపళ్ళు తేవడం ఎప్పుడూ ఆయన పనే. ఇప్పుడూ ఆయనే తెస్తున్నాడు. మరి ఎప్పట్నుంచి మిగలడం మొదలైంది, వానలు పడుతున్నప్పుడా, అవును, బట్టలు ఆరక ఇల్లంతా ముక్కవాసన కొడుతున్న రోజుల్లో ఒకనాడు మేకు వంక చూస్తే పళ్ళకు మచ్చలు పడి ఉన్నాయి, అయ్యో అనుకుంది, వెంటనే ఆహా అనుకుంది, కూతురు చెప్పిన కేకు గుర్తొచ్చింది, ఆ రోజు ఎంత సంబరపడిందో, పారేయాల్సిన వాటిలోంచి ఇంత మంచి వస్తువు, మేడలో అందరికీ రుచి చూపించింది, కింది వాటా ఆవిడైతే గిన్నె నాకింది. ఆ తర్వాత వారమూ మిగిలాయి. ఆ తర్వాతా మిగిలాయి. పళ్ళబండివాడు పెద్ద పళ్ళు ఇస్తున్నాడు కాబోలు అనుకుంది, కూతురు ఇంట్లో లేదు కదా అనుకుంది, కానీ కూతురు హాస్టలుకు వెళ్ళింది వానలకు చాలా ముందు, అప్పుడు మిగల్లేదే, అప్పుడు ఆయనే అన్నీ తినేవాడు కదా. అనుకుని ఆమె చెంచా పట్టుకున్న చెయ్యి కాసేపు గిన్నె మీద ఆపింది, తర్వాత రెండో ట్రే మీద కాగితం పరిచింది.

ఫోను మోగింది. ఆయన బస్సులోనే కండక్టరు, ఎన్నో ఏళ్ళుగా ఒకే రూట్లో ఇద్దరూ, ఆమెను వదినా అని నోరారా పిలుస్తాడు, డ్యూటీ మార్పు గురించి అన్నకు చెప్పాలి, ఫోను ఎత్తడం లేదు, ఇంట్లో ఉన్నాడా అని అడిగాడు. బయటకు వెళ్ళారని చెప్పి పెట్టేయబోతుంటే, రేపటికి జోడీలు చేస్తున్నావా వదినా అని నసిగాడు, ఓవెన్లోనే ఉన్నాయయ్యా అని ఆమె నవ్వింది.

"అయితే కాస్త ఎక్కువే పెట్టు వదినా. పోయినసారి డిపోలో కొట్టుకున్నంత పనైంది. అన్న తన వాటా కూడా మాకే ఇచ్చేస్తాడు, అయినా చాలడం లేదు."

"తన వాటానా? ఆయన తినరా?"

"అన్న ఎక్కడ తింటాడు? టిఫిన్ తెచ్చిపెట్టినా మాకే ఇచ్చేసి, ఆ నీళ్ళ సీసాతో కాలక్షేపం చేస్తాడు. పొద్దున్నే మీ వదిన కడుపు పగిలేలా పెట్టింది, ఇంక చోటెక్కడుందిరా అంటాడు."

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది, నవ్వు ఆపడం మర్చిపోయింది, సరేలే ఎక్కువే పెడతానని చెప్పి ఫోను మైదా డబ్బా పక్కన పెట్టింది. పొద్దున్నే కడుపు పగిలేలా. పొద్దున ఆమె ఏం పెడుతుంది, ఏమీ పెట్టదు, మొదటి ట్రిప్పు అయ్యాక డిపోలో తింటాను, అక్కడ వేడివేడిగా దొరుకుతుంది, నువ్వు లేవకు పడుకో అంటాడు, ఎంత మంచి మొగుడు అనుకుని అటు తిరిగి పడుకుంటుంది. సాయంత్రం వచ్చాక డిపోలో ఎవరిదో పుట్టినరోజు, పీకలదాకా తిన్నాను అంటాడు. ఇంట్లో డిపో పేరు చెబుతున్నాడు, డిపోలో ఇంటి పేరు చెబుతున్నాడు, మరి ఈ రెండింటికీ మధ్య ఆ మనిషి ఎక్కడ తింటున్నాడు? ఎవత్తో ఉందేమో. మధ్యలో ఏ స్టాపులోనో దిగి, ఎవత్తో వండిపెడుతుంటే తింటున్నాడేమో, ఆ ఆలోచన రాగానే ఆమెకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టయింది, దేవుడా అదే అయి ఉండాలి, ఒక మనిషి ఉండాలి, బాగా వండే మనిషి, నాలుగు తిట్టొచ్చు, జుట్టు పట్టుకుని ఈడ్చి గొడవ పెట్టుకోవచ్చు, పోనీ క్షమించేసినా క్షమించేయొచ్చు. ఓవెన్ మీట టింగుమని ఆగింది. ఆమె ఉలిక్కిపడి, గుడ్డ పట్టుకోకుండానే ట్రే అంచు ముట్టుకుని, వేలు నోట్లో పెట్టుకుంది.

బిళ్ళలు చక్కగా పొంగాయి, మీద నొక్కితే మళ్ళీ పైకి లేస్తున్నాయి, ఎప్పుడూ రానంత బాగా వచ్చాయి ఈసారి. వాటిని తీసి బోర్లించి ఆరబెట్టింది, రెండో ట్రే లోపలికి తోసింది, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, కళ్ళు మాత్రం గుమ్మం పక్కనున్న చెప్పుల స్టాండు మీద పడ్డాయి. ఆయన చెప్పులు అక్కడే ఉన్నాయి. దగ్గరకు వెళ్ళి తిరగేసి చూసింది, వారు తెగలేదు, అడుగు ఊడలేదు, రెండూ బాగానే ఉన్నాయి. మరి ఏం కుట్టించుకోవడానికి వెళ్ళాడు? బూట్లు వేసుకుని వెళ్ళాడు, బూట్లకు ఏమీ కాలేదు, ప్యాంటూ చొక్కా, బెల్టూ, బెల్టు. మొన్న ఉతకడానికి ప్యాంటు తీస్తుంటే ఆ బెల్టు కిందపడింది, తీసి మేకుకు తగిలిస్తుంటే చూసింది, కంపెనీ వేసిన కన్నాలు కాక లోపలివైపు ఒకదాని వెనక ఒకటి కొత్త కన్నాలు, అంచులు శుభ్రంగా ఉన్నాయి, చెప్పులు కుట్టేవాడి పనిముట్టుతో వేసినవి, చూసింది కూడా, మంచి పనివాడు అనుకుంది, అంతే. ఊరందరి నడుములూ టేపుతో కొలిచే మనిషి, బట్ట వదులైతే ఎంత వదులో కంటితో చెప్పగలిగే మనిషి, ఇంట్లో మొగుడి నడుము తగ్గిపోతుంటే కన్నాలు వేసినవాణ్ణి మెచ్చుకుంది. ఎందుకంటే ఆయన ప్యాంటు కుట్టడానికి ఆమె చేతికి ఇవ్వడం లేదు, లోపలికి పట్టమనడం లేదు, ఇస్త్రీ కూడా తనే చేసుకుంటున్నాడు, దుకాణంలో గొప్పగా చెప్పుకుంది కదా ఆ సంగతి, మొగుడంటే అలా ఉండాలక్కా అని వాళ్ళంతా అంటే సిగ్గుపడింది కూడా. నడుము దగ్గర కుచ్చిళ్ళు బయటకు కనపడకుండా ఇస్త్రీపెట్టెతో అణిచేస్తున్నాడు కాబోలు. టేపు ఆమెది, మిషను ఆమెది, ఆయన మాత్రం చెప్పులు కుట్టేవాడి దగ్గరకు వెళ్తున్నాడు, ఇవాళ కూడా అక్కడికే వెళ్ళాడు.

ఇంకా ఉన్నాయి, తవ్వినకొద్దీ వస్తున్నాయి, ఎక్కడెక్కడో దాక్కున్నవన్నీ ఇప్పుడే బయటకు రావాలా. బాల్కనీలో గాలి బాగుందని పళ్ళెం పట్టుకుని అక్కడికి వెళ్ళడం, ఆ పిట్టగోడ మీద పావురాలు, భోజనం వేళకు సరిగ్గా వచ్చి వరుసగా కూర్చుంటాయి, ఎంత బలిశాయో, మొన్ననే కదా వాటి రెట్టలు కడుగుతూ విసుక్కుంది, ఈ పాడు పావురాలకి మన ఇంట్లో ఏం దొరుకుతోందో అంది, ఆయన పక్కనే నిలబడి విన్నాడు. టీలో బిస్కెట్టు ముంచి పూర్తిగా నానాక చెంచాతో తీసుకోవడం. కూరలో ముక్కలు పక్కకు నెట్టి పులుసు ఒక్కటే. ఎక్కడికెళ్ళినా ఆ నీళ్ళ సీసా. ఒక్కోసారి తింటూ తింటూ ఆగి, గుండెల మీద అరచెయ్యి పెట్టుకుని గోడ వంక చూడటం, ఏమైందంటే గ్యాసు అనడం, పొరపోయింది అనడం, ఆమె ఆయన నెత్తిమీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారు లెండి అనడం. పన్ను నొప్పేమో. పుండేమో. వేడి చేసిందేమో, రోజంతా ఇంజను పక్కన కూర్చునే ఉద్యోగం, వేడి చేయదా మరి. ఏమో ఏమో అనుకుంటూ ఆమె క్రీము గిన్నె ముందుకు లాక్కుని గిలక్కొట్టసాగింది, తెల్లగా, నురగగా, గిన్నె వంచినా జారనంత వరకూ కొట్టాలి, చెయ్యి నొప్పి పుడుతున్నా ఆపలేదు, ఆపితే ఆ గది తలుపు తెరుచుకుంటుందని ఆమెకు తెలుసు.

తెరుచుకుంది. నాన్న గడియారాలు బాగుచేసేవాడు, కంటికి భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత తీగను దాని చోట్లో పెట్టేవాడు, ఆయన పక్కనే కూర్చుని పళ్ళెంలో తినడం ఆమెకు అలవాటు. ఆ ఏడాది నాన్న తన పళ్ళెంలోవి ఒక్కొక్కటే ఆమె పళ్ళెంలోకి జరపడం మొదలుపెట్టాడు, మొదట రొట్టె అంచులు, తర్వాత రొట్టె, తర్వాత అన్నీ, నువ్వు ఎదిగే పిల్లవి తల్లీ, నాకెందుకూ అనేవాడు. ఎంత మురిసిపోయిందో. నాన్నకు నేనంటే ఎంత ముద్దో చూడు అని తమ్ముణ్ణి ఉడికించింది కూడా. ఆ ఏడు ఆమె బాగా ఒళ్ళు చేసింది, గౌన్లన్నీ బిగుతైపోయాయి, అమ్మ కుట్లు విప్పి వదులు చేసింది, పిన్ని వచ్చి ఆమె బుగ్గ గిల్లి, తండ్రి తిండంతా ఈ పిల్లే తినేస్తోందే అని నవ్వింది, అందరూ నవ్వారు, నాన్న కూడా నవ్వాడు. తర్వాత పాలల్లో నానిన రొట్టె, తర్వాత పాలు, తర్వాత పాలు కూడా చెంచాతో, ఆఖరికి తడిగుడ్డతో పెదాలు తుడవడం. ఆ పైన ఆ గది, పువ్వులు, మూసిన తలుపులు, ఆ తీపివాసన. పిన్ని అన్న మాట ఎవరికీ గుర్తులేదు, పిన్నికే గుర్తులేదు, ఆమెకు మాత్రం ఆ మాట ఏళ్ళ తరబడి ముద్ద ముద్దలో తగిలేది, తగిలి తగిలి ఎప్పుడో అరిగిపోయిందనుకుంది. అరగలేదు. అప్పుడు నాన్న పళ్ళెంలోంచి తన పళ్ళెంలోకి, ఇప్పుడు ఆయన తినని పళ్ళు తన గిన్నెలోకి, వాటిని చిదిమి, తీపి కలిపి, క్రీము పూసి, అందరికీ పంచి, ఆహా ఓహో అనిపించుకుని, ఇంట్లో మనిషి తినడం మానేశాడన్న సంగతిని వారం వారం కేకు చేసి పంచిపెట్టింది. ఆమె చేతిలోంచి గరిటె జారి గిన్నెలో పడింది.

ఎందుకు చెప్పలేదు? చెప్పడానికి నోరు లేదా, నిదానం అంటే మరీ ఇంత నిదానమా, ఆమెకు ఒళ్ళు మండిపోయింది, వస్తూనే ఆ చొక్కా పట్టుకుని కడిగేయాలి, బస్సు నిండా జనాన్ని క్షేమంగా దింపుతావు, నన్ను మాత్రం ఇలా నట్టేట వదిలేస్తావా అని అడగాలి, ఇద్దరు మనుషులున్న ఇల్లు, ఒక మనిషి ఆకలి రెండో మనిషికి తెలియకుండా పోయే ఇల్లా ఇది. కానీ ఎందుకు చెప్పలేదో ఆమెకు తెలియకపోలేదు. పెళ్ళైన కొత్తలో ఒక వానపూట, బస్సు బ్రేక్‌డౌనై ఇద్దరూ ఖాళీ సీట్లలో కూర్చుని ఉన్నప్పుడు, నాన్న సంగతి మొత్తం ఆయనకు చెప్పింది, వెక్కివెక్కి ఏడ్చింది, ఇంకొకసారి అలాంటిది చూడాల్సి వస్తే నేను తట్టుకోలేను, నేనే ముందు పోతాను అంది, ఆయన ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, అద్దం మీద జారే నీళ్ళు చూస్తూ, సరే అన్నాడు. సరే అన్నాడు. ఆ సరే ఇది. డాక్టరు దగ్గరకు వెళ్తే జబ్బుకు పేరు పెడతాడు, పేరు పెడితే ఇంట్లో చెప్పాలి, అందుకని వెళ్ళి ఉండడు. అరటిపళ్ళు కొనడం మానేస్తే ఈమెకు అనుమానం వస్తుంది, అందుకని కొనడం మానలేదు. ఎంత పకడ్బందీగా ఆలోచించాడు, పాపం, మిగిలిపోయే పళ్ళ సంగతి ఒక్కటే ఆలోచించలేకపోయాడు, లేదా ఆలోచించాడేమో, ఈమె వాటిని ఎలాగూ పారేయదు, ఏదో ఒకటి చేసేస్తుంది, సంబరంగా చేస్తుంది అనుకున్నాడేమో. ఆమె ఏడవలేదు. ఏడిస్తే కళ్ళు ఎర్రబడతాయి, కళ్ళు ఎర్రబడితే ఆయనకు తెలిసిపోతుంది, అనుకుంది, అనుకోగానే తనూ దాచడం మొదలుపెట్టిందని అర్థమై భయం వేసింది. ఓవెన్ మళ్ళీ టింగుమంది. రెండో ట్రే తీసి, ఏం చేస్తున్నదీ తెలియకుండానే మూడోది నింపి లోపల పెట్టింది. ఆరిన బిళ్ళల్లో ఒకదానికి క్రీము పూసి, దానికి సరిపోయే జత వెతికి, నొక్కి, ఒక చిన్న పళ్ళెంలో పెట్టింది. మెత్తగా ఉంది. పసిపిల్లలు కూడా నమలకుండా మింగేంత మెత్తగా ఉంది. ఎలా అడగాలి, మెల్లగా అడగాలి, కోప్పడకుండా అడగాలి, నాకు భయం లేదు అని ముందే చెప్పి అప్పుడు అడగాలి, అని మాటలు కూర్చుకుంటూ ఆమె బల్ల మీది మైదాను అదే పనిగా తుడుస్తూ నిలబడింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. నిదానంగానే ఉంది, ఎప్పుడూ ఉండేటట్టే, కానీ మధ్యలో ఆగింది, ఇంతకుముందు కూడా ఇలా ఆగేదా, ఆమె ఎప్పుడూ వినలేదు, వినాలని అనుకోలేదు, మళ్ళీ మొదలైంది. తలుపు తోసుకుని ఆయన లోపలికి వచ్చాడు. ఒక చంకలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో అరటిపళ్ళు, కొత్తవి, పచ్చదనం ఇంకా పోని నిండు డజను. సరాసరి వంటింట్లోకి వచ్చి, ఖాళీగా ఉన్న మేకుకు తగిలించి, ఊగకుండా చేత్తో పట్టుకుని ఆపాడు. బెల్టు కొస పక్కకు జానెడు వేలాడుతోంది, దాన్ని వెనకవైపు ప్యాంటులోకి దోపుకున్నాడు.

"గట్టివి చూసి తెచ్చాను. వారందాకా ఆగుతాయి," అన్నాడు.

"ఇవి ఎవరికి?" అంది ఆమె.

"ఎవరికేంటి? మనకే." నవ్వబోయాడు, ఆమె ముఖం చూసి ఆ నవ్వు మధ్యలోనే మానేశాడు. పళ్ళెంలోని జోడీ వంక చూశాడు, ఓవెన్ వంక చూశాడు, బాగా వచ్చాయే ఈసారి అన్నాడు, గొంతు అడుగున ఎక్కడో బొంగురు ఉంది. ఆమె చెయ్యి పళ్ళెం వైపు వెళ్ళి, దాన్ని పక్కకు జరిపేసి, గ్లాసు అందుకుంది, నీళ్ళు పోసింది, ఆయన ముందు పెట్టింది.

"తాగండి."

"ఇప్పుడే తాగొచ్చాను."

చంకలో సీసా మూతదాకా నిండుగా ఉంది. ఆమె దాని వంక చూసింది, ఆమె చూడటం ఆయన చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, గ్లాసు ఎత్తి ఒక్క గుక్క తీసుకున్నాడు, చాలాసేపు బుగ్గలోనే ఉంచుకున్నాడు, ఆమె సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు కళ్ళు చిట్లించి ఆయన గొంతునే చూస్తోంది, గొంతు పైకి లేచింది, ఆగింది, ఆయన వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అప్పుడు, ఎంతోసేపటికి, కిందికి దిగింది.

"ఎప్పట్నుంచి?" అంది.

ఆయన గ్లాసు కింద పెట్టి, పెదాలు తుడుచుకుని, ఎప్పటిలాగే నిదానంగా తలెత్తాడు.

"ఏది? తిండా, నీళ్ళా?" అన్నాడు.

ఆమె ఓవెన్ మీట వెనక్కి తిప్పేసింది. కిటకిట ఆగింది, లోపల దీపం ఆరిపోయింది, మూడో ట్రే సగం ఉడికి అక్కడే ఉంది. వీధి చివర డాక్టరు సాయంత్రం దాకా ఉంటాడు, ఉంటాడు, ఉండాలి. గిన్నెలో పిండి ఇంకా మిగిలే ఉంది, దాని మీద మూత కూడా పెట్టకుండా ఆమె చెప్పులు వేసుకుని, ఆయన చెయ్యి పట్టుకుని లేపింది, ఆ చెయ్యి ఎంత తేలికగా లేచిందో. ఇద్దరూ మెట్లు దిగుతుంటే వంటింట్లో ఈగలు గిన్నె మీద వాలాయి.